రంగు నూరే రాయి

బయటి నుంచి వచ్చి గడపలో చెప్పులు విడుస్తున్నప్పుడు ఆ రాయి కనిపించింది. గోడకు ఆనించి ఉంది, తడిగా ఉంది. నల్లటి దాని ముఖం మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లటి చుక్కలు. వరుసలుగానే ఉన్నాయి కానీ ఏ రెండు వరుసలూ ఒక్కలా లేవు. నడుమ దగ్గర దగ్గరగా ఉండి, అంచులకు పోయేకొద్దీ పలచబడుతున్నాయి. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు దాన్ని బొమ్మను చూసినట్టు చూశాను. ఎవరు చేశారో గానీ ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి అనుకున్నాను. ఆ తర్వాతే చుక్కల గుంటల్లో ఇరుక్కున్న ఆకుపచ్చటి తొక్కు కనిపించింది. కొత్తిమీర, పచ్చిమిరపకాయ, పల్లీ.

రాయికి రెండడుగుల దూరంలో చాప మీద నా పిల్లలిద్దరూ జొన్నరొట్టె తింటున్నారు. ఏడేళ్ల బిడ్డ రొట్టెలో తొక్కు చుట్టుకుని తింటోంది. మూడేళ్లవాడు రొట్టె పక్కన పెట్టి తొక్కును వేలితో తీసుకుని నాకుతున్నాడు.

అది వంటింటి రాయి కాదు. నేను రంగులు నూరుకునే రాయి.

"అత్తమ్మా, ఈ రాయి ఇక్కడికెట్లొచ్చింది?"

పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తున్న అత్తమ్మ వెనక్కి తిరగకుండానే చెప్పింది. "ఎన్క అర్రలకెళ్లి నేనే తెచ్చిన బిడ్డా. అద్దం లెక్క నున్నగైపోయింది, దాని మీద ఏం నలుగుతది? పొద్దుగాల గంట్లు పెట్టేటామె వాడలకొచ్చింది. మంచిగ కొట్టు, ఏడాది దాక నా కోడలు మల్ల సూడొద్దన్న. సూడు, ఎంత సక్కగ కొట్టిందో."

ఉలి, సుత్తి సంచిలో వేసుకుని వాడవాడలా తిరిగే ఆడవాళ్లు మా వైపు ఇంకా వస్తారు. రోలైనా, నూరుడు రాయైనా వాడగా వాడగా నున్నబడుతుంది. నున్నబడ్డ రాతి మీద మిరపకాయ జారిపోతుంది తప్ప నలగదు. అప్పుడు వాళ్లతో గంట్లు పెట్టిస్తే రాయి మళ్లీ గరుకుగా అవుతుంది. కోడలి ఇంట్లో నున్నబడిన రాయి కనిపిస్తే ఏ అత్త అయినా చేసే మంచి పనే అత్తమ్మ చేసింది. ఆ రాయి రంగు నూరడానికని, రంగుకు కావాల్సింది సరిగ్గా దానికి తిరుగుడు అని ఆమెకు తెలియదు. ఆ రాయిని అంత నున్నగా చేయడానికి ఇసుకా నీళ్లూ వేసి నేను ఒక ఎండాకాలమంతా అరగదీశాను.

చాప మీదికి దూకినట్టే వెళ్లాను. రెండు కంచాలూ లాగి అవతల పడేశాను. చిన్నవాడి నోట్లో వేలు పెట్టి కక్కించబోయాను. వాడు నా వేలు కొరికి గట్టిగా ఏడ్చాడు, తర్వాత కొంచెం కక్కాడు.

"ఏమైందే? ఏమైంది బిడ్డా? మిరపకాయ ఘాటైందా?" అత్తమ్మ అట్లకాడ పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

"అది విషం అత్తమ్మా! పిల్లలకు విషం పెట్టినవ్ నువ్వు!"

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. బిడ్డ చేతిలోని రొట్టె ముక్క కింద పడిపోయింది. నా వంక కాదు, అవ్వ వంక చూసింది.

"నేను మూడుసార్లు కడిగిన కద బిడ్డా," అంది అత్తమ్మ. "బూడిద పెట్టి తోమిన. అంచులకు జర పసుపు కనబడితే, పసుపు కొమ్ములు నూరినవేమో అనుకున్న."

నేను అప్పటికే మా ఆయనకు ఫోన్ చేస్తున్నాను.

*

నేను వేసేవాటిని బొమ్మలంటే మా వాడలో ఎవరూ ఒప్పుకోరు. వాటిలో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, కొంగ కూడా ఉండదు. కొన్ని ఆకారాలు, మూడు నాలుగు రంగులు, అంతే. చెక్క పలక మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు తీస్తాను. జాకెట్లు కుట్టే పక్కింటి ఖాలా ఒకసారి వచ్చి, ఆరేసిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది నా కటింగే కదనే. చంక కాడ తప్పు కోసినవ్, ఇగ ఎవరికీ పట్టదు," అంది. నవ్వుకున్నాం గానీ, ఆమె వెళ్లాక ఆ వంపును మళ్లీ చూస్తే నిజంగానే తప్పుగా ఉంది.

హైదరాబాదులో ఈ అచ్చుల పనే చదివాను. పెళ్లయి నారాయణపేటకు వచ్చాక ఆరేళ్లు ఉలి ముట్టలేదు. తర్వాత వెల్డింగ్ దుకాణం ఆయన పాత చెరుకు రసం మిషన్ రోలర్లతో నాకొక అచ్చు యంత్రం చేసిచ్చాడు. "మేడం, దీంట్లకెళ్లి రసం మాత్రం రాదు, నన్ను అడగొద్దు," అని మూడుసార్లు చెప్పాడు. కిరాయింట్లో వెనకవైపు అర్ర ఉంది. దాంట్లో యంత్రం, పలకలు, తాళ్ల మీద ఆరేసిన కాగితాలు. అర్రకు తలుపు లేదు, పాత చీర పరదాగా కట్టుకున్నాను.

నేను చేసే పద్ధతిలో పలక ఒక్కటే. ముందు దాని మీద లేత రంగు పూసి అన్ని కాగితాలకూ అచ్చేస్తాం. ఆ రంగు ఎక్కడ మిగలాలో అక్కడ చెక్కను తవ్వేస్తాం. అదే పలక మీద ఇంకొంచెం ముదురు రంగు పూసి మళ్లీ అచ్చేస్తాం. మళ్లీ తవ్వుతాం. చివరి రంగు వచ్చేసరికి పలకలో తవ్వడానికి ఏమీ ఉండదు. నడుమ ఎక్కడ తప్పు పోయినా వెనక్కి రావడం కుదరదు. నాలాంటి పిరికి మనిషి ఈ పని ఎందుకు ఎంచుకుందని నన్ను నేనే అడుగుతుంటాను. బహుశా ఇందులో తప్పు పోయినప్పుడు కనిపిస్తుంది కాబట్టేమో. మిగతా చోట్ల తప్పు ఎప్పుడు పోతుందో తెలియక భయపడుతూ ఉండాలి.

నా అచ్చులన్నింటికీ మొదటి రంగు పసుపు. పైన ఎరుపు వచ్చినా, నల్లటి నీలం వచ్చినా, అడుగున పసుపు ఉండాల్సిందే. అడుగున తెల్ల కాగితమే ఉంటే ఎరుపు ఎండలో పెట్టిన ప్లాస్టిక్ బకెట్‌లా ఉంటుంది. పసుపు మీద పడితే అదే ఎరుపు మా చెలక మన్నులా వెచ్చగా మారుతుంది. చూసేవాళ్లకు పసుపు కనిపించదు, దాని వేడి మాత్రం తగులుతుంది.

ఆ పసుపును నేను పొడిగా కొనేదాన్ని. ఎడ్ల కొమ్ములకు రంగులు అమ్మే దుకాణంలో, పొట్లం కట్టిచ్చేవాళ్లు. "ఇది ఎండకు పోయే రంగు కాదు మేడం, కొమ్ము రాలినా రంగు రాలదు," అనేవాడు దుకాణం ఆయన. ఆ పొడిని అవిసె నూనెతో కలిపి రాతి మీద గంటసేపు నూరితే సిరా తయారవుతుంది. ట్యూబుల్లో వచ్చే పసుపు అంత నిండుగా ఉండదు. పొడి పసుపులో సీసం ఉంటుందని కాలేజీలో మా సార్ మొదటి నెలలోనే చెప్పాడు. చేతులు నోటి దగ్గరికి పోనివ్వద్దన్నాడు, పొడి కలిపేటప్పుడు గుడ్డ కట్టుకోమన్నాడు. అందరం తలలూపాం.

కాబట్టి తెలియదని చెప్పడానికి నాకు వీల్లేదు. తెలుసు. పనిలో కూర్చున్న ప్రతిసారీ నేను మూతికి గుడ్డ కట్టుకున్నాను, చేతులు సబ్బుతో కడుక్కున్నాను. నా వరకు మాత్రమే జాగ్రత్త పడ్డాను. కొత్తలో ఒకసారి మా ఆయన ముక్కు మూసుకుని, "ఈ వాసన పిల్లగాండ్లకు ఏం కాదు కదా?" అని అడిగితే, "ఏం కాదు, అవిసె నూనె, అంతే," అన్నాను. నూనె గురించి చెప్పింది నిజమే. పొడి సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఆ అర్ర మూతపడుతుందని నాకు తెలుసు.

ఆ నెలలో హైదరాబాదులో ఒక ప్రదర్శనకు పన్నెండు అచ్చులు పంపాల్సి ఉంది. పిల్లలను చూసుకుంటూ అది కుదరదు. కోస్గి దగ్గరి ఊళ్లో ఉండే అత్తమ్మ నా కోసమే, కంది చేను పని వదిలేసి వచ్చింది. "నువ్వు నీ గీతలు గీసుకో, వంటా పిల్లలూ నా మీద పడెయ్," అంది. పది రోజులు ఆమె నన్ను ఒక్క గిన్నె కూడా తోమనివ్వలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఇంట్లో నా అచ్చులను నిజంగా చూసింది ఆమె ఒక్కతే. ఊళ్లో తన ఇంటి గోడకు ఏటా ఎర్రమన్ను పూసి, కింద సున్నంతో పట్టీ వేస్తుంది. వచ్చిన మూడోనాడు పరదా జరిపి, ఒక కాగితం ముందు చాలాసేపు నిలబడింది. "నీకు ఎర్రది ముంగటుండాలె, అవునా? గా పసుపుది ఉరికొచ్చి దాని ముంగట నిలవడ్డది. దాన్ని జర సన్నం చెయ్యి, తగ్గుతది," అంది. ఎట్లా తెలుసు అత్తమ్మా అంటే నవ్వింది. "తెల్ల పట్టీ సన్నగేస్తే గోడ ఎత్తు కనబడ్తది. వెడల్పుగేస్తే ఇల్లు కూలబడ్డట్టుంటది. గంతే, దీంట్ల సదువేముంది?" మా కాలేజీలో ఆకారం గురించి, రంగు బరువు గురించి ఏడాదంతా చెప్పిన పాఠం అదే. నేను పసుపును సన్నం చేశాను. ఆమె చెప్పింది సరిగ్గా ఉంది.

అలాంటి మనిషిని పట్టుకుని విషం పెట్టినవ్ అన్నాను.

*

మా ఆయన ట్రాక్టర్ సామాన్ల దుకాణంలో పని చేస్తాడు. పది నిమిషాల్లో బండి మీద వచ్చాడు. చేతులకు గ్రీజు కూడా తుడుచుకోలేదు. సంగతి విని ముందు తల్లి మీద పడ్డాడు.

"అడిగితే ఏం పోయేది అమ్మా? ఇంట్ల దేన్ని పడితే దాన్ని ముట్టుడేనా?"

"అడుగుదామంటే ఇంట్ల ఎవరున్నరు కొడుకా? పిల్లగాండ్లు ఆకలైతుందన్నరు."

"ఫోన్ లేదా?"

"నూరుడు రాయి మీద తొక్కు నూరొచ్చునా అని ఫోన్ చేసి అడగాల్నా?" అంది అత్తమ్మ. అది జవాబులా లేదు, నిజంగానే అడుగుతున్నట్టుంది. నలుగురం బండెక్కాం. ఆమె గడపలో నిలబడే ఉంది.

పిల్లల డాక్టరమ్మ ముందు నన్నే తిట్టింది. "కక్కించమని ఎవరు చెప్పిన్రు నీకు? చదువుకున్నదానివేనా?" పిల్లలను పరీక్ష చేసింది. పొట్ట నొక్కి చూసింది, కళ్లు చూసింది. ఇద్దరికీ రక్తం తీయాలంది. బిడ్డ సూదికి భయపడి తండ్రి మెడ పట్టుకుంది. ఆయన ఆమెను ఎత్తుకుని రక్తం తీసే గదికి వెళ్లాడు. చిన్నవాడు నా ఒళ్లో నిద్రలోకి జారుకున్నాడు. అప్పుడు డాక్టరమ్మ నన్ను వరసగా అడగడం మొదలుపెట్టింది.

పొడి ఎన్నాళ్లుగా వాడుతున్నానని అడిగింది. రెండేళ్లన్నాను. ఎక్కడ నూరతానంది. వెనక అర్రలో, నేల మీద. తలుపుందా? పరదా ఉంది. ఊడ్చేది దేంతో? చీపురుతో. బాబు ఎక్కడ ఆడతాడు? అక్కడే, నా పక్కనే, నేల మీద. వేలు నోట్లో పెట్టుకుంటాడా?

వాడి బొటనవేలు అప్పుడు కూడా నోట్లోనే ఉంది.

ఆమె కలం కింద పెట్టింది. "చూడమ్మా, రాయి కడిగిన్రు, తొక్కు నూరిన్రు. కొంచెం లోపలికి పోయుంటది, కాదనను. ఒక్క పూట తొక్కుతోని నాకంత ఫికర్ లేదు. నువ్వు చీపురుతో ఊడ్చినప్పుడల్లా ఆ పొడి లేస్తది. వాడు పాకినప్పటి నుంచి అదే నేల మీదున్నడు. నా ఫికర్ దాని గురించి."

నేను వాడి వేలు నోట్లోంచి తీశాను. వాడు నిద్రలోనే మళ్లీ పెట్టుకున్నాడు.

బయటికి వచ్చాక మా ఆయన అడిగాడు. "ఏమన్నది?"

"రక్తం హైదరాబాదుకు పంపాలంట. నాలుగైదు దినాలైతదంట."

"అంతేనా?"

"అంతే."

"మా అమ్మ చేసిన పనికి సూడు," అన్నాడు ఆయన బండి స్టాండు తీస్తూ. "పెద్దమనిషి, ఏమనలేం."

నేను వెనక ఎక్కి కూర్చున్నాను. దారిలో రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి లారీ అడ్డం వచ్చింది. రెండోసారి ఏదీ అడ్డం రాలేదు.

రక్తం ఫలితం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. చదివేవాళ్లను దాని కోసం పట్టి ఉంచడం నాకు ఇష్టం లేదు. ఐదో రోజు కాగితం వచ్చింది. బిడ్డకు ఏమీ లేదు. చిన్నవాడి రక్తంలో సీసం ఉండాల్సినదాని కంటే ఎక్కువే ఉంది. మందు అక్కర్లేదని, ఇల్లు తడిగుడ్డతో తుడవమని, పొడి ఇంట్లో ఉంచొద్దని, పాలూ ఆకుకూరలూ బాగా పెట్టి కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించమని చెప్పింది డాక్టరమ్మ. రెండోసారి తగ్గింది. మూడోసారి ఇంకా తగ్గింది. వాడిప్పుడు బడికి పోతున్నాడు, అన్నీ గుర్తు పెట్టుకుంటాడు. అయినా వాడు ఒక అక్షరం తలకిందులుగా రాస్తే నాకు చెమట పడుతుంది. అందరు పిల్లలూ అలాగే రాస్తారని టీచరు నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఇంటికొచ్చి వాడితో ఆ అక్షరం పదిసార్లు రాయిస్తాను.

*

ఆ సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి అత్తమ్మ ఇల్లంతా కడిగేసింది. తొక్కును పెరట్లో గుంట తీసి పూడ్చింది. రాయి కనిపించలేదు. ఎటు పోయిందని నేను అడగలేదు.

పెసరపప్పు వేసి పలచగా అన్నం వండింది. పళ్లెంలో కలిపి బిడ్డ ముందు కూర్చుని ముద్ద చేసింది. మామూలుగా అయితే బిడ్డ నోరు తెరిచి కథ చెప్పమంటుంది. ఆరోజు పెదవులు బిగించి తల పక్కకు తిప్పుకుంది.

"అమ్మ పెడితేనే తింట."

"ఎందుకే, నా బంగారం? ఉప్పు సరిపోయింది, సూడు."

"నువ్వు పెడితే రక్తం తీస్తరు."

అత్తమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "గట్లనా," అంది. కొంచెం నవ్వింది కూడా. పళ్లెం నా వైపు జరిపి లేచి, చేయి కడుక్కుని, తన సంచి తెచ్చుకుని గోడ పక్కన కూర్చుంది. చీరలు మడత పెట్టడం మొదలుపెట్టింది. రెండే చీరలు. మడత పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడత పెట్టింది.

"పొద్దుగాల కోస్గి బస్సుకు పోత," అంది ఎవరితోనో అన్నట్టు. "చేన్ల పనున్నది."

మా ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. సరే అన్నాడు.

నేను బిడ్డకు అన్నం తినిపించాను. నా చేతి ముద్దకు నోరు ఎంత నమ్మకంగా తెరిచిందంటే, నాకు ఆ పళ్లెం వైపు చూడ్డం కష్టమైంది.

వాళ్లు పడుకున్నాక పాత తెల్ల పంచె ఒకటి చింపి, తడిపి, వెనక అర్ర తుడవడం మొదలుపెట్టాను. కళ్లకు అర్ర శుభ్రంగానే ఉంది. కిటికీ చెక్క మీద గుడ్డ రాస్తే పసుపు వచ్చింది. పరదా కింది అంచు పట్టుకుని తుడిస్తే పసుపు వచ్చింది. అర్ర దాటి ఇవతలికి వచ్చాను. గోడ మీద నా నడుము ఎత్తులో ఏమీ లేదు. మోకాలి ఎత్తులో, వాడు పట్టుకుని నడక నేర్చుకున్న చోట, ఒక పట్టీలా పసుపు ఉంది. వాడి పీట కాళ్లకు ఉంది. బియ్యం డబ్బా మూత మీద ఉంది. ఇక చాలు అనుకుంటూనే గుడ్డ ఉతికి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. ఆగలేకపోయాను.

అర్రలో తాళ్ల మీద ముప్పై కాగితాలు ఆరుతున్నాయి, మొదటి రంగు పడినవి. ఎరుపు ఇంకా వేయలేదు. ఉత్త పసుపు ఆకారాలు, ఒకటి పెద్దది, దాని భుజం మీద ఒరిగిన చిన్నది ఒకటి. ఎరుపూ నీలమూ పడ్డాక ఈ చిన్నదాని అంచు మాత్రమే కనిపించాలన్నది నా ఆలోచన. పని చేస్తున్నప్పుడు ఆ రెండూ నాకు ఎటూ కదలని రాళ్లలా అనిపించాయి. గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి చూస్తుంటే, పైన ఏమీ కప్పని ఆ పసుపు నా కళ్లను వదల్లేదు. ఆకారం ఎంత బాగా కుదిరిందో తెలుస్తూనే ఉంది. అది తెలుస్తున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. కొడుకు రక్తం సీసాలో పోసి పంపిన రోజున కూడా, ఆ చిన్నదాన్ని ఇంకొక వేలెడు కిందికి దించితే ఎట్లుంటుందా అని ఆలోచించాను.

పొడి డబ్బాను మూడు కవర్లలో కట్టి బయట పెట్టాను. అదంత కష్టం కాలేదు. కష్టమైంది రెండోది. డాక్టరమ్మ మాట చెప్తే మా ఆయన ఏమంటాడో నాకు తెలుసు. చెడ్డవాడు కాదు, అరవడు కూడా. "ఇగ చాలు తియ్యి," అంటాడు. యంత్రాన్ని వెల్డింగ్ దుకాణానికి తిరిగి పంపేస్తాడు. ఆ మాట అనే హక్కు ఆయనకు ఉంటుంది, అదీ నా భయం. చెప్పకపోతే అత్తమ్మ పొద్దున బస్సెక్కి పోతుంది. పోయి ఏమీ అనదు. నా బిడ్డ మాత్రం అవ్వ చేతి ముద్దకు మళ్లీ నోరు తెరవదు. పెద్దయ్యాక కూడా, మా అవ్వ ఒకసారి తెలియక మాకు విషం పెట్టింది అని చెప్పుకుంటుంది. తెలియక అనే మాట కలిపినా సరే.

గోడ పక్కన అత్తమ్మ అటు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని ఊపిరి చెప్తోంది. పిలుద్దామనుకున్నాను. ఆమెకు ఒక్కదానికే చెప్పి, తప్పు నాదే అత్తమ్మా అని ఏడ్చి, ఆమె ఊకోమంటే ఊరుకోవచ్చు. ఆమె ఊకోమనే అంటుంది. ఎవరికీ చెప్పొద్దని కూడా అంటుంది. అందుకే పిలవలేదు.

*

పొద్దున అత్తమ్మ తల దువ్వుకుని, సంచి గడప దగ్గర పెట్టుకుని కూర్చుంది. మా ఆయన బస్టాండులో దింపడానికి బండి బయటికి తీస్తున్నాడు. పిల్లలు చాప మీద పాలు తాగుతున్నారు. నేను మా ఆయనను లోపలికి పిలిచాను.

"మల్లేమైంది?" అంటూ వచ్చాడు.

"ఏం కాలే. జర కూసో. నువ్వు కూడ ఇను."

పిల్లల ముందు నేల మీద కూర్చున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో రాత్రంతా అనుకున్న మాటలేవీ గుర్తు రాలేదు.

"నిన్న నేను అవ్వను ఒర్రిన కద," అన్నాను.

బిడ్డ తలూపింది. "అవ్వ విషం పెట్టిందని."

"అవ్వ పెట్టలే. విషం నేను తెచ్చిన. నా రంగు పొడిల ఉంటది అది. నేను సదువుకునేటప్పుడే మా సార్ చెప్పిండు, నాకు మొదటి నుంచి ఎరుక. ఎరుకుండి కూడ అవ్వకు చెప్పలే, డాడీకి చెప్పలే. రాయి మీద నూరొద్దని ఎవరన్న చెప్పుంటే అవ్వ నూరేదే కాదు."

మా ఆయన బండి తాళం జేబులో వేసుకున్నాడు. అత్తమ్మ, "పోనియ్ బిడ్డా, పిల్లగాండ్లకు ఎందుకవన్ని," అంది.

"ఉండు అత్తమ్మా," అన్నాను. "నిన్న డాక్టరమ్మ ఇంకోటి చెప్పింది. అది డాడీకి కూడ చెప్పలే నేను. నిన్న తిన్న తొక్కుతోని కాదంట. తమ్ముడు ఆ అర్రల నా పక్కన కూసొని ఆడిండు చూడు, రోజూ, ఆ పొడి వాని నోట్లెకు పోయిందంట. అవ్వ మనింటికి రాకముందు నుంచే."

చిన్నవాడు తన పేరు రాకపోయినా తన సంగతేనని పసిగట్టి నవ్వాడు. పాల మీసం ఉంది మూతికి.

బిడ్డ పాల గ్లాసు కింద పెట్టింది. "మరి అవ్వనెందుకు తిట్టినవ్?"

"భయమైంది నాకు. నా మీదికొస్తదని అవ్వ మీదికి నూకిన."

"అబద్ధం చెప్పినవా?"

"ఆ. చెప్పిన."

"మరి బొమ్మలు ఇగ చెయ్యవా?"

మా ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆయన ముందు ఆ జవాబు నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఎరుక లేదు బిడ్డా. చేస్తే ఈ ఇంట్ల మాత్రం చెయ్య. పొడి మల్ల కొన. ఆ అర్రలకు మీరిద్దరు పోవద్దు, నేను మొత్తం కడిగి, సరే అనేదాక. తమ్ముని నోట్ల వేలుంటే తియ్యి, కొట్టకు. ఇంకోటి ఇను. అవ్వ చెయ్యి మంచిది. నిన్న నువ్వు అన్నం వద్దన్నది నేను చెప్పిన అబద్ధానికి, అవ్వ చేసిన దానికి కాదు. అవ్వ ఈయాల ఉంటదో పోతదో అవ్వ ఇష్టం, నేను బలవంతం చెయ్య. ఉంటే మాత్రం, పగటికి అవ్వ అన్నం పెడ్తది, నువ్వు తినాలె. ముందుగాల నేను తింట, నువ్వు నా ఎన్క తిను."